మంచినీళ్ళు తాగి వెళ్ళింది

పోయిన వారం కథ మా వీధిలో ఫోన్లు మోగుతున్న చోట ఆగింది. ప్రభుత్వ బీమా ఆఫీసు నుంచి ఇంటింటికీ ఫోన్లు. "ఆరోగ్య కార్యకర్త మీ ఇంటికి వచ్చిందా? వచ్చి మీకేం చేసింది?" అని వాళ్ళడిగారు. ఫోనెత్తిన ప్రతివాళ్ళూ, ముందే కూడబలుక్కున్నట్టు, ఒకే జవాబిచ్చారు. "వచ్చిందండీ. మంచినీళ్ళు తాగి వెళ్ళింది."

ఆ నీళ్ళు తాగిన మనిషి మా తోడికోడలు. ఇంటికి పెద్దకోడలు కాబట్టి నాకు అక్క. వీధికంతటికీ మంచినీళ్ళక్క. ఆ ఫోన్లయిన మర్నాడే ఆమెకు రావలసిన చెల్లింపు ఆపేశారు. తనిఖీ ఆఫీసరు స్వయంగా మా ఇంటికే వస్తున్నాడని కబురు కూడా వచ్చింది.

మొదటి భాగాలు చదవనివాళ్ళ కోసం ఆ పేరు సంగతి కాస్త చెప్పాలి. అక్క ఏ ఇంటికీ వెళ్ళి "మీకేమైనా జబ్బుందా?" అని అడగదు. అడిగినా మా వీధిలో చెప్పేవాళ్ళెవరూ లేరు. ఇక్కడ జబ్బు బయటపడితే కుదిరిన సంబంధం వెనక్కి పోతుంది, పనిలోంచి తీసేస్తారు, అద్దె ఇల్లు ఖాళీ చేయమంటారు. అందుకని అక్క గుమ్మంలో నిలబడి "కాసిని మంచినీళ్ళిస్తారా?" అంటుంది. నీళ్ళడిగిన మనిషిని పొమ్మనడానికి ఎంత కఠినాత్ములకైనా నోరు రాదు. వాళ్ళు లోపలికి వెళ్ళి నీళ్ళు తెచ్చేలోగా ఆమె కళ్ళు వాటి పని అవి చేసుకుంటాయి. నడిచేటప్పుడు గోడ పట్టుకున్నారా, పాదాలు ఉబ్బాయా, గ్లాసు అందించేసరికే ఆయాసపడుతున్నారా, అన్నీ చూస్తుంది. నీళ్ళు తాగుతూ అక్కడే చతికిలబడుతుంది. రెండో గ్లాసు అయ్యేసరికి ఆ ఇంటావిడ కడుపులో మాట బయటికొస్తుంది, అక్క సంచిలోంచి బీపీ మిషన్ బయటికొస్తుంది. లేచేటప్పుడు మాత్రం ప్రతి ఇంట్లోనూ ఒకే మాట చెప్పి లేస్తుంది. "ఈ ఇంటి సంగతి ఈ గడప దాటదు. ఎవరైనా అడిగితే మంచినీళ్ళు తాగడానికొచ్చానని చెప్పండి."

చెప్పారు. బీమా ఆఫీసుకి కూడా అదే చెప్పారు. మా వీధివాళ్ళకి నేను వంద వంకలు పెట్టగలను గానీ, ఇచ్చిన మాట దగ్గర వాళ్ళంత గట్టివాళ్ళని చూడలేదు. పాపం, ఆ గట్టితనమే అక్క మెడకు చుట్టుకుంది.

ఇందులో పోయేది ఒక్క అక్క ఉద్యోగమే అయితే నేను ఇంత గొడవ పడేదాన్ని కాదు. ఇదివరకు బీమా అంటే మంచాన పడ్డాక వచ్చేది. ఆసుపత్రిలో చేరితే, కోస్తే, కుట్లు వేస్తే చెల్లించేవారు. మనిషి మంచాన పడకుండా ముందే కాసుకుని కూర్చునేవాళ్ళకి మాత్రం ఏమీ లేదు. మా వీధి క్లినిక్ డాక్టరమ్మే తన చేతి నుంచి తీసి అక్కకి ఎంతోకొంత ఇచ్చేది, లేని నెల మొహమాటంగా నవ్వేది. ఈ ఏడే మొదటిసారి, జబ్బు రాకుండా ఇంటింటికీ తిరిగే పనిని కూడా వైద్యం కిందే లెక్కగట్టి చెల్లిస్తామని బీమావాళ్ళు ఒప్పుకున్నారు. అదీ పరీక్షకి, ముందు మా వీధిలో. ఒప్పుకున్నవాళ్ళ పేర్లు మాత్రమే డాక్టరమ్మ గుట్టుగా బీమా ఆఫీసుకి పంపుతుంది. ఇక్కడ నిలబడితే అన్ని వీధులకీ ఇలాంటి అక్కలొస్తారు. ఇక్కడ దొంగలెక్క అని తేలిందా, ఇక ఎప్పటికీ ఆ ఊసెత్తరు.

ఇంత జరుగుతున్నా ఆవిడ నిన్న కూడా సంచి భుజాన వేసుకుని బయల్దేరింది. "ఎందుకూ, జీతం ఆపేశారుగా!" అన్నాను. "నా జీతం ఆగింది గానీ వాళ్ళ బీపీలు ఆగాయా చెల్లీ?" అని చెప్పులేసుకుంది. ఇలాంటి మనిషితో ఎవరు వాదిస్తారు చెప్పండి.

ఆఫీసరు మధ్యాహ్నం వచ్చాడు. మా ఆయన, బావగారు ఇద్దరూ పనికి పోయారు. మాకు వీధివైపు ఉన్నది ఒక్క గది, అదే నా కుట్టుమిషను గది. బడులు తెరిచే రోజులు కావడంతో కుర్చీల మీద, కిటికీ మీద, మంచం మీద ఎక్కడ చూసినా నీలం లాగూలే. ఒక కుర్చీ ఖాళీ చేసి వేశాను. ఆయన కూర్చోబోయి, గుండుసూది ఏమైనా ఉందేమోనని చేత్తో తడిమి మరీ కూర్చున్నాడు. డాక్టరమ్మ ఆయన వెనకే వచ్చి, వద్దంటున్నా వినకుండా బట్టల మూట మీదే కూలబడింది. అక్క గోడకి ఆనుకుని నిలబడింది. అత్తయ్య వంటింటి గుమ్మంలో పీట వేసుకుని వెల్లుల్లి వలుస్తోంది. వలిచినవీ పొట్టూ ఒకే గిన్నెలో పడుతున్నాయంటే ఆవిడ ధ్యాసంతా ఇటే ఉందని నాకు అర్థమైపోయింది. అక్క పనిని 'నీళ్ళ ఉద్యోగం' అని వెక్కిరించడం అత్తయ్యకి రోజూ ఉన్న సరదా. ఇవాళ ఆ సరదా ఆవిడ మొహంలో లేదు.

"మంచినీళ్ళు తీసుకుంటారా?" అనబోయి నాలిక్కరుచుకున్నాను.

ఆఫీసరు చెడ్డవాడైతే నాకు హాయిగా ఉండేది, మనసారా తిట్టుకునేదాన్ని. ఆయన మర్యాదస్తుడు. కాగితాలు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళజోడు సవరించుకున్నాడు.

"చూడండమ్మా, నేను మీ మీద కత్తి కట్టి రాలేదు. ఈ పథకం రావాలని మా ఆఫీసులో గొంతు చించుకున్నవాళ్ళలో నేనొకణ్ణి. కానీ ఇప్పుడు నేనేం రాయను? జనం సొమ్ముతో ఒకావిడ ఇల్లిల్లూ తిరిగి నీళ్ళు తాగుతోందని రాయనా?"

అక్క నవ్వింది. "నీళ్ళకి కాదండీ. మీరిచ్చేది గ్లాసు కింద పెట్టాక చేసే పనికి."

"ఆ పనేమిటో ఒక్కళ్ళూ చెప్పరే!"

"చెప్పొద్దని నేనే మాట తీసుకున్నాను."

డాక్టరమ్మ ఇక ఉండబట్టలేకపోయింది. "మా క్లినిక్‌కి ఎంతమంది వచ్చి పరీక్షలు చేయించుకుంటున్నారో మీరు చూశారు కదండీ. ఇదివరకు ఎత్తుకొస్తే తప్ప రానివాళ్ళు."

"వచ్చారు డాక్టరుగారూ, కాదనను. కానీ ఈవిడ పంపితేనే వచ్చారని ఎక్కడుంది? వాళ్ళంతట వాళ్ళే వచ్చారని రేపు మా పైవాళ్ళంటే నా దగ్గర సమాధానం లేదు." ఆయన అక్కవైపు తిరిగాడు. "ఒక్కరు చాలు. పథకంలో ఉన్న ఒక్క మనిషి నా ఎదురుగా, 'ఈవిడ మా ఇంటికొచ్చి నాకు ఫలానా పని చేసింది' అంటే చాలు. మిగతా తనిఖీ మళ్ళీ మొదట్నుంచీ నేనే చేయిస్తాను. ఆ ఒక్కరెవరో మీరు చూపించండి."

"నేను చూపించనండీ."

"ఎందుకని?"

"నేను వేలు పెట్టి ఒక్కళ్ళని చూపించానంటే రేపు ఏ ఇంట్లోనూ నాకు నీళ్ళు పుట్టవు. ఇచ్చినా గుమ్మంలోనే ఇచ్చి పంపిస్తారు."

"పోనీ, ఎవరినైనా పక్కకి పిలిచి నువ్వే ఒక మాట అడుగు," అంది డాక్టరమ్మ. గొంతులో బతిమాలుకోలు వినిపిస్తూనే ఉంది.

"అడిగితే కాదనరండీ, అదే నా భయం. నా మొహం చూసి, పాపం ఈవిడ ఉద్యోగం పోతుందని, ఇష్టం లేకపోయినా వస్తారు. నా ఉద్యోగం నిలబెట్టుకోడానికి వాళ్ళ గుట్టు అడగమంటారా? ఎవరైనా చెప్తే వాళ్ళంతట వాళ్ళు చెప్పాలి. లేదంటే వద్దు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత మంచితనం మనిషికి పనికిరాదని మనసులో నాలుగు తిట్లు తిట్టాను. తిట్టుకుంటూనే, ఇలాంటి మనిషి నాకు అక్క అయినందుకు గర్వపడ్డాను. ఆ రెండూ కనపడకుండా తల వంచుకుని మిషను తొక్కడం మొదలుపెట్టాను.

ఆఫీసరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇంకొక్క సంగతి ఉంది. ఇది ఇక్కడ అడక్కూడదనే అనుకున్నాను. మీరు సేవ చేశామని పంపిన పేర్లలో ఈ ఇంటి మనిషి కూడా ఒకరున్నారు."

నా కాలు మిషను మీద ఆగిపోయింది.

"మీ తోడికోడలు," అన్నాడాయన నా వైపు చూడకుండానే. "ఈవిడకి ఫోన్ చేసినా అదే మాట. 'మంచినీళ్ళు తాగి వెళ్ళింది' అట! ఒకే ఇల్లు, ఒకే బిందె, ఎక్కణ్ణుంచి వచ్చి ఎక్కడికి వెళ్ళినట్టు? ఏం జబ్బో నేను చెప్పను, అది నా నోట రాకూడదు. కానీ పైవాళ్ళ కన్ను మొదట పడేది ఈ పేరు మీదే. ఇంట్లో మనిషిని రోగిగా చూపించి సొమ్ము తిన్నారంటారు."

వంటింటి గుమ్మంలో గిన్నె ఠంగుమంది. "మా చిన్నదానికి రోగమేమిటి?" అంది అత్తయ్య. "గుండ్రాయిలా ఉంటేను!"

నా పై ప్రాణాలు పైనే పోయాయి.

ఇన్ని వారాలుగా మీకు మా వీధి సంగతులన్నీ చెబుతూ వచ్చాను గానీ నా గుట్టు చెప్పలేదు. నాకు చిన్నప్పటి నుంచీ మూర్ఛ ఉంది. కిందపడి కొట్టుకునే మూర్ఛ కాదు. ఉన్నట్టుండి కాసేపు నేను నాలో ఉండను. కళ్ళు తెరిచే ఉంటాయి, చేతులు ఏదో తడుముతూనే ఉంటాయి, పిలిస్తే పలకను. పెళ్ళిచూపులప్పుడు మా అమ్మ ఈ సంగతి దాచేసింది. అత్తారింట్లో తెలిసిన రోజు మూటాముల్లె సర్దుకుని రావాల్సిందేనని చెప్పి, ఎవరితోనూ అననని నాతో ఒట్టేయించుకుంది. మాత్రలు కూడా పుట్టింట్లోనే వదిలేసి వచ్చాను.

పెళ్ళయిన ఏడాదే, ఇదే గదిలో, ఇదే మిషను దగ్గర, బట్ట సూది కింద ఉండగానే నాకు అలా అయింది. మళ్ళీ ఈ లోకంలోకి వచ్చేసరికి అక్క నా పక్కన నిలబడి ఉంది. నా చేతిని సూదికి దూరంగా తీసి తన చేతిలో పట్టుకుని ఉంది. ఏమైందని అడగలేదు. అత్తయ్యని కేకెయ్యలేదు. నా చూపు కుదురుకునేదాకా ఆగి, "చెల్లీ, కాసిని మంచినీళ్ళిస్తావా?" అంది. తనింట్లో తను, తన వంటింట్లో నీళ్ళు, నన్ను అడిగింది! ఆ రోజు ఏడ్చినంత నేను అప్పగింతలప్పుడు కూడా ఏడవలేదు.

ఆ వారమే నన్ను బట్టలకని చెప్పి బజారుకి తీసుకెళ్ళి, దారిలో డాక్టరమ్మకి చూపించింది. అప్పట్నుంచి నా మాత్రలు గుండీల డబ్బాలో, గుండీల కింద ఉంటాయి. రోజూ భోజనాలయ్యాక అక్క ఈ గది గుమ్మంలోకొచ్చి మంచినీళ్ళడుగుతుంది. మాత్ర వేసుకున్నావా అని దానర్థం. డబ్బాలో అట్ట ఖాళీ కాకముందే కొత్త అట్ట వచ్చి చేరుతుంది. నిద్ర తక్కువైతే నాకు పడదని, ఎంత పని ఉన్నా వేళకి పడుకోబెడుతుంది. నూనె కాగే వేళ నన్ను ఒంటరిగా పొయ్యి దగ్గర ఉండనివ్వదు, ఏదో వంకతో తనూ అక్కడే తిరుగుతుంటుంది. ఎవరికీ అనుమానం రాలేదు. నాకు మళ్ళీ ఒక్కసారి కూడా అలా అవలేదు. మూర్ఛ ఉన్నదాన్నని నేనే మరిచిపోయేటంత మామూలు బతుకు నాకిచ్చింది ఆవిడ.

ఇప్పుడు అత్తయ్య నా మొహంలోకి చూస్తోంది. ఆఫీసరు జవాబు కోసం చూస్తున్నాడు. నేను నీళ్ళు నములుతున్నాను. చెప్తే కాపురం ఏమవుతుందో తెలియదు, చెప్పకపోతే అక్క ఏమవుతుందో బాగా తెలుసు.

అక్క మాత్రం నా వంక చూడను కూడా చూడలేదు. చూస్తే నేనెక్కడ లొంగిపోతానో అని కాబోలు.

"ఆ పేరు నేను తప్పుగా చేర్పించానండీ," అంది.

"ఏమిటీ?"

"మా చెల్లికి ఏ జబ్బూ లేదు. ఒక పేరు ఎక్కువ కనపడుతుందని నేనే ఊరికే చెప్పాను. డాక్టరుగారికి తెలీదు. అలాగే రాసుకోండి."

"ఏం మాట్లాడుతున్నావు నువ్వు!" డాక్టరమ్మ మూట మీంచి లేచి నిలబడింది. నాకు మందు రాసింది ఆవిడే, నిజం ఆవిడకి తెలుసు. కానీ నేను నోరు విప్పితే తప్ప ఆవిడ విప్పకూడదు.

"ఆలోచించుకుని చెప్పండమ్మా," అన్నాడు ఆఫీసరు. "ఇది రాస్తే ఉద్యోగంతో పోదు. మీ మీద కేసవుతుంది. పథకం కూడా ఇక్కడితో ఆఖరు."

"తెలుసండీ. రాసుకోండి."

కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పినంత మామూలుగా అంది ఆ మాట. వీధిలో ఎవరినీ బయటపెట్టనన్న మనిషి, నన్ను బయటపెట్టకుండా ఉండటానికి తనని తాను దొంగని చేసుకుంటోంది. ఈ జన్మలో నేను ఇంత పెద్ద మనసు చూడలేదు, ఇంకెక్కడా చూస్తానన్న నమ్మకం కూడా లేదు.

ఆఫీసరు కలం మూత తీశాడు.

నేను లేచాను. ఒళ్ళో ఉన్న లాగూ, దారపు కండె, కత్తెర అన్నీ కిందపడ్డాయి.

"ఆగండి సార్. అక్క అబద్ధమాడుతోంది. పాపం, ఆవిడకి అలవాటు లేదు, అందుకే ఇంత అన్యాయంగా ఆడింది."

"చెల్లీ, నువ్వూరుకో!"

"నువ్వూరుకో అక్కా. సార్, నాకు మూర్ఛ ఉంది."

అలమర మీద గుండీల డబ్బా తీసి, ఆయన ముందున్న స్టూలు మీద బోర్లించాను. గుండీలన్నీ దొర్లుకుంటూ నేలమీద నాలుగు దిక్కులకీ పోయాయి. మాత్రల అట్టలు మిగిలాయి.

"ఇవి తెచ్చేది అక్క. వేసుకున్నానో లేదో రోజూ కనుక్కునేది అక్క. నన్ను డాక్టరమ్మ దగ్గరికి మొదట తీసుకెళ్ళింది అక్క. ఇదే మిషను సూది కింద నా వేళ్ళు పోకుండా పట్టుకుంది అక్క. పిల్లల్ని కనాలనుకుంటే ముందుగా మందు మార్పించుకోవాలని నాకు చెప్పి, మార్పించింది కూడా అక్కే. మీరు ఫోన్ చేసినప్పుడు భయపడి నీళ్ళు తాగి వెళ్ళిందన్నాను. ఇదంతా నీళ్ళు తాగడమైతే సార్, మీ ఆఫీసులో అందరికీ కూడా ఇలా తాగడం నేర్పించండి."

ఆఫీసరు ఒక అట్ట తీసి మందు పేరు చదివాడు. తర్వాత కలం పక్కన పెట్టి, నా వైపు తిరిగాడు. "ఎవరైనా చెప్పమన్నారా అమ్మా మీచేత?"

"చెప్పొద్దన్నారు. మీరే విన్నారుగా."

ఆయన మొదటిసారి నవ్వాడు. "చాలమ్మా. డాక్టరుగారు రాసిన మందు కళ్ళెదుటే ఉంది, మీరొక్కరు చాలు. చెల్లింపు ఆపిన ఉత్తర్వు నేనే వెనక్కి తీయిస్తాను. వీధిలో మళ్ళీ అడిగిస్తాను, ఈసారి ఫోన్లలో కాదు. ఎవరి గుట్టూ పోకుండా డాక్టరుగారి గదిలో ఒక్కొక్కరితో నేనే మాట్లాడతాను." అక్కవైపు తిరిగి, "ఇందాక మీరు చెప్పింది నేను వినలేదు," అన్నాడు.

డాక్టరమ్మ కళ్ళు తుడుచుకుంది. అక్క మాత్రం నా రెక్క పట్టుకుని ఊపేసింది. ఆవిడకి అంత కోపం రాగా నేనెప్పుడూ చూడలేదు.

"ఎవరు చెప్పమన్నారే నిన్ను?"

"ఎవరూ చెప్పమనలేదు. అందుకే చెప్పాను."

ఆవిడ చెయ్యి వదిలేసింది. అక్క పక్కన ఉన్నంతసేపు నాకు ధైర్యంగానే ఉంది. కానీ వంటింటి గుమ్మంలో పీట జరిగిన చప్పుడయ్యేసరికి ఆ ధైర్యం కాస్తా నీరుగారిపోయింది.

అత్తయ్య లేచింది. చేతులు కొంగుకి తుడుచుకుంటూ, నేలమీద గుండీలు తొక్కుకుంటూ వచ్చింది. నా ముందే ఆగుతుందనుకున్నాను. పుట్టింటికి వెళ్ళే బస్సు దాకా ఊహించేసుకున్నాను. ఆవిడ నన్ను దాటి వెళ్ళి అక్క ఎదురుగా నిలబడింది.

"నీకిది మొదట్నుంచీ తెలుసా?"

"తెలుసత్తయ్యా."

"పొద్దున్న లేస్తే ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకుంటాం. నాతో ఒక్క ముక్కైనా అనలేదేం?"

"చెప్పనని మాటిచ్చాను."

"మా చిన్నాడికి?"

"చెప్పలేదు."

"పోనీ నీ మొగుడికి?"

"ఆయనక్కూడా చెప్పలేదత్తయ్యా."

ఇక మొదలవుతుంది, ఇల్లు ఎగిరిపోతుంది అని నేను కళ్ళు మూసుకున్నాను. కేక వినపడలేదు. ఎప్పుడూ వీధి చివరిదాకా వినపడే ఆ గొంతు, పక్కనున్న నాకే వినపడీ వినపడనంత తగ్గిపోయింది.

"అయితే నాది కూడా ఎవరికీ చెప్పి ఉండవు."

కళ్ళు తెరిచాను. ఆఫీసరు ఒళ్ళోని కాగితాలు గబగబా తిప్పుతున్నాడు. "ఇందులో మీ పేరు లేదే పెద్దమ్మా?"

"ఉండదు నాయనా. చేర్చొద్దని నేనే అన్నాను. చేరిస్తే ఈ గడపలో ఉండొద్దన్నాను దీన్ని." అత్తయ్య వెళ్ళి వీధి తలుపు మూసి, గడియ పెట్టింది. వచ్చి, కుర్చీ మీద లాగూలు తీయకుండానే వాటి మీదే కూర్చుంది. పగలూ రాత్రీ అక్కని ఆడిపోసుకునే ఆ మనిషి చేతులు ఒళ్ళో పెట్టుకుని, తప్పు చేసిన పిల్లలా నా వైపు చూసింది. "చిన్నదానా, నీ సంగతి తర్వాత మాట్లాడదాం. ముందు నాది విను. అసలు వినాల్సింది నువ్వే."

తనమీద కేసు పెడతారన్నా చెక్కుచెదరని అక్క మొహంలో నెత్తురు చుక్క లేదు. రెండడుగుల్లో వచ్చి అత్తయ్య కాళ్ళ దగ్గర కూలబడి, ఆవిడ రెండు చేతులూ పట్టేసుకుంది.

"వద్దత్తయ్యా," అంది. "మీ కాళ్ళు పట్టుకుంటాను. చెల్లి ఎదురుగా మాత్రం వద్దు."